ఐపీ (దివాలా పిటిషన్) పెడితే అప్పులు కిస్తీల్లో కట్టుకోవచ్చా?

మిర్యాలగూడ దగ్గర వరి సాగు చేసే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. నూటికి మూడు రూపాయల వడ్డీ నోట్లు, బ్యాంకు పర్సనల్ లోను కలిపి పన్నెండు లక్షల అప్పు, అప్పిచ్చినవాళ్లు తొమ్మిది మంది. ఐపీ పెడితే కిస్తీలు చేస్తారా అంటున్నారు.

చేస్తారు, కానీ పిటిషన్ వేసిన రోజే కాదు. 2016 దివాలా చట్టంలోని చెల్లింపు ప్రణాళిక కంపెనీ అప్పులకు హామీ ఉన్న వ్యక్తులకే 2019 డిసెంబరు నుంచి అమలవుతోంది. మిగతావాళ్లకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. యూట్యూబ్ చూసి డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు) పోకండి. మీరుండే చోటి సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాలి.

కేసు నిలిచేదీ పోయేదీ పిటిషన్ వెంట పెట్టే షెడ్యూళ్లలోనే. అప్పుల జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, అసలు, నోటు తేదీ, దావా ఉంటే నంబరు రాయాలి. మేనమామ ఇచ్చిన చేబదులు కూడా వదలొద్దు. నోటు రాసి మూడేళ్లు దాటితే గడువు తీరిందనుకోకుండా తిప్పి వెనక చూడండి. గడువు లోపల వెయ్యి రూపాయలు జమ రాసి మీరు సంతకం చేసినా, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఆస్తుల జాబితాలో పాస్‌బుక్కులోని గుంటలు, బండి, చిట్టీకి కట్టిన సొమ్ము, మీకు రావలసిన బాకీలు అన్నీ రావాలి. అవతలి వకీలు మొదట తీసేది ఈసీనే, అంటే మీ భూమి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రాన్నే. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో బావమరిదికి ఊరికే రాసిచ్చిన పొలాన్ని రిసీవర్ (మీ ఆస్తులు చూసేందుకు కోర్టు పెట్టే మనిషి) వెనక్కి లాగొచ్చు. మూడు నెలల్లోపు ఒక్కరికే కావాలని కట్టినా అదే గతి. ఆస్తి దాస్తే ఏడాది దాకా జైలు.

కోర్టు దివాలా ప్రకటించాక 38వ సెక్షన్ కింద కిస్తీల ప్రతిపాదన పెట్టాలి. రుజువైన అప్పులవాళ్లలో సగానికి మించి, విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. మీ లెక్కలో ఐదుగురు, తొమ్మిది లక్షలు. పెద్ద నోటున్న ఒక్కడు మొండికేస్తే మిగతా ఎనిమిది మంది ఒప్పుకున్నా ఆగిపోవచ్చు, కాబట్టి ముందు వాడి దగ్గరికే పోండి. మీ ఆస్తి అప్పులో సగానికి కూడా రాకపోతే, రూపాయికి ఆరణాలకు తగ్గకుండా, అంటే పన్నెండు లక్షలకు నాలుగున్నర లక్షలకు, హామీ చూపమంటారు. కిస్తీలు నెలనెలా అని రాయకండి, వానాకాలం, యాసంగి వడ్ల డబ్బులు చేతికొచ్చే నెలలకు పెట్టండి. కిస్తీ తప్పితే ఒప్పందం రద్దు చేసి మళ్లీ దివాలా ప్రకటించొచ్చు.

బంగారం లోను, తనఖా భూమి దీంట్లోకి రావు. చెక్ బౌన్స్ కేసు వేరే దారిలో నడుస్తుంది: నోటీసు అందాక పదిహేను రోజుల్లో కట్టాలి. మీకు జమానత్ ఉన్నవాళ్లు కూడా విడుదల కారు.

అప్పులవాళ్లు ముగ్గురు నలుగురే అయితే ఐపీ కన్నా లోక్ అదాలతే నయమని నా లెక్క. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు (తీర్పుకు) అప్పీలు లేదు, అందుకే నోట్లు, ఖాళీ చెక్కులు ఏ తేదీకి తిరిగిస్తారో అందులోనే రాయించుకుని సంతకం పెట్టండి.