చెప్పకుండా మార్చిన బ్రేకులు, పది రోజులకే వణుకు: షోరూము బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: మాది హనుమకొండ. నాలుగేళ్ల నాటి చిన్న కారును 41 వేల కిలోమీటర్ల దగ్గర కంపెనీ షోరూములో సర్వీసింగ్‌కు ఇచ్చాను. చేయవలసిన పనులు రాసే జాబ్ కార్డులో జనరల్ సర్వీసు, ఆయిల్ మార్పు అని మాత్రమే రాసి, రూ.6,500 అవుతుందన్నారు. సాయంత్రం వెళ్లేసరికి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు, డిస్కులు మార్చామని రూ.17,200 బిల్లు ఇచ్చారు. ముందుగా ఫోన్ చేయలేదు. పాత సామాన్లు చూపమంటే స్క్రాపులోకి వెళ్లిపోయాయన్నారు. డబ్బు కడితేనే కారు ఇస్తామనడంతో కట్టేశాను. పది రోజులకే బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోంది, బండి ఎడమ పక్కకు లాగుతోంది. అడిగితే బ్రేకు సామాన్లకు వారంటీ ఉండదని, బయట మెకానిక్కుకు చూపిస్తే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా పోతుందని అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: చట్టం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కారును రోడ్డు మీదికి తీయడం మానండి. ఈ మాట మీ కుటుంబ క్షేమం కోరి చెబుతున్నాను. దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. వాహనంలో ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి కూడా బహిరంగ ప్రదేశంలో నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద నేరం. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయాలైతే జైలు శిక్ష కూడా పడవచ్చు. లోపం మీకు తెలుసని మీ ఉత్తరమే చెబుతోంది కనుక, రేపు ఏదైనా జరిగితే తప్పంతా షోరూముదేనని వాదించడం కష్టమవుతుంది.

ఇక మీ అనుమతి లేకుండా చేసిన పని విషయం. మీరు సంతకం చేసిన జాబ్ కార్డే మీకూ షోరూముకూ మధ్య ఒప్పందం. అందులో లేని పని చేయాలంటే, ఎందుకు చేయాలో, ఎంత అవుతుందో చెప్పి మీ సమ్మతి తీసుకోవలసిన బాధ్యత వారిది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) ప్రకారం నిర్లక్ష్యంతో పాటు, వినియోగదారుడికి తెలియవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. అయితే వారి వైపు నుంచి రెండు వాదనలు వస్తాయి. జాబ్ కార్డు వెనుక సన్న అక్షరాల్లో ‘అవసరమైన అదనపు పనులకు అంగీకరిస్తున్నాను’ అనే వాక్యం ఉందేమో ఇప్పుడే తిప్పి చూడండి. ఉంటే మొదట దాన్నే చూపిస్తారు. అటువంటి నిబంధన అన్యాయమైనదని, చెల్లదని తేల్చమని కోరే ఫిర్యాదును వినే అధికారం రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ జిల్లా కమిషన్‌కు లేదు. అందువల్ల మీ ఫిర్యాదును ఆ నిబంధన మీద కాకుండా సేవాలోపం మీద నిలబెట్టడం మేలు. రెండో వాదన, కొత్త సామాన్ల ప్రయోజనం మీరు పొందుతున్నారు కనుక వాటి ధర ఇవ్వాల్సిందేనన్నది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 ఆధారంగా వచ్చే ఈ వాదనలో కొంత బలం లేకపోలేదు. అందుకే, అంచనాకు మించి కట్టిన రూ.10,700 మొత్తం తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను.

మీ కేసుకు అసలు ప్రాణం పాత సామాన్లలో ఉంది. కొత్త ప్యాడు రాపిడి పొర మందం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చడం సమంజసమే. డిస్కు ఎంతవరకు అరగవచ్చో చాలా కార్లలో డిస్కు మీదే చెక్కి ఉంటుంది, అంచును గుడ్డతో తుడిస్తే ఆ అంకె కనిపిస్తుంది. సాధారణంగా డిస్కులు ప్యాడ్ల కంటే ఎక్కువ కాలం వస్తాయి కాబట్టి, రెండూ ఒకేసారి మార్చినప్పుడు ఆ రోజు కొలిచిన మందం ఎంతో కాగితం మీద ఉండాలి. ఆ కొలతల షీటు, ఫొటోలు, ఆ పనిని తర్వాత చేర్చిన వ్యక్తి వివరం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. కానీ రుజువు కాగల వస్తువును తన దగ్గరే ఉంచుకుని, యజమాని అడిగినా చూపకుండా స్క్రాపుకు పంపినవారిపై ప్రతికూలమైన అభిప్రాయానికి రావడానికి కమిషన్‌కు అవకాశం ఉంటుంది.

డబ్బు కట్టి కారు తెచ్చుకోవడం వల్ల హక్కు పోయిందని బాధపడకండి. ఒప్పుకున్న పనికి కూలి అందేవరకు వాహనాన్ని అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 వర్క్‌షాపుకు ఇస్తోంది. అది అప్పగించిన పనికి మాత్రమే వర్తిస్తుంది. ఒప్పుకోని పని డబ్బు కోసం కారును ఆపడం ఆ హక్కు కిందికి రాదు. అయినా కౌంటరు దగ్గర నిలబడి ఈ సెక్షన్ వినిపిస్తే కారు తాళం చేతికి రాదని నాకు తెలుసు. అటువంటప్పుడు బిల్లు వాళ్ల కాపీ మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, సంతకం చేసి కట్టడం ఉత్తమం. మీరలా రాయలేదు కనుక, ఇప్పుడు పంపే ఉత్తరంలో ఆ రోజు ఏ పరిస్థితిలో కట్టారో వివరించండి.

వణుకు గురించి షోరూము ఇచ్చిన జవాబు నిలబడదు. బ్రేకు ప్యాడ్లను అరుగుదల సామాన్లుగా వారంటీ నుంచి మినహాయించే మాట నిజమే. కానీ ఆ మినహాయింపు వాడకం వల్ల అరిగిన వాటికి. పది రోజుల క్రితం బిగించిన డిస్కు అరుగుదల వల్ల వణకదు. చక్రం బిగించే హబ్బు మీద తుప్పు తుడవకుండా డిస్కు బిగించినా, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్ను బిగుసుకుపోయినా ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి. ఇవి పనితనానికి, సామాను నాణ్యతకు సంబంధించినవి. వారంటీ కాగితం ఏం చెప్పినా, డబ్బు తీసుకుని చేసిన పనిని జాగ్రత్తగా చేయవలసిన బాధ్యత వేరుగా ఉంది. పైగా బిల్లులో గడువేదీ లేనప్పుడు, లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న సొమ్మును 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది.

బయట చూపిస్తే వారంటీ మొత్తం పోతుందన్న బెదిరింపుకు లొంగకండి. వ్యాపారాల్లో పోటీకి అడ్డంకులను విచారించే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టరాదని, బయటి పనిలో లోపం వల్ల కలిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చని ఆదేశించింది. ఆ ఉత్తర్వుపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కనుక దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి. మీరిప్పుడు చేయించవలసింది రిపేరు కాదు, పరిశీలన మాత్రమే. చూపించినంత మాత్రాన వారంటీకి వచ్చే నష్టమేమీ లేదు.

ఆ పరిశీలన ఇలా జరగాలి. ఫలానా రోజు, ఫలానా చోట బ్రేకులు విప్పి చూపిస్తున్నాను, మీ మనిషిని పంపండి అని షోరూముకు స్పీడ్ పోస్టులోను, ఈమెయిల్‌లోను ముందుగా తెలపండి. కారును అక్కడికి లారీ మీదో, టోయింగ్ బండితోనో చేర్చి, అర్హత గల ఆటోమొబైల్ ఇంజనీరు చేత కొలతలు, ఫొటోలతో నివేదిక రాయించుకోండి. టోయింగ్ రసీదు దాచండి, ఆ ఖర్చు కూడా అడగవచ్చు. నివేదిక చేతికి రాకుండా ఆ భాగాలను మరెవరూ ముట్టుకోకుండా చూడండి.

తర్వాత లీగల్ నోటీసు పంపి 15 రోజులు గడువు ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు; చాలా వివాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రూ.5 లక్షల లోపు సేవలకు ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలన్న నిబంధన కూడా లేదు. బిల్లు తేదీ నుంచి రెండేళ్లలోపు వేయాలి. ప్రతివాదిగా షోరూమును చేర్చితే చాలు. తయారీ లోపమని నివేదిక చెబితే తప్ప కంపెనీని లాగి కేసును సాగదీసుకోకండి. సర్వీస్ అడ్వైజర్‌తో జరిగిన వాట్సాప్ సంభాషణలు ఉంటే ఫోనులోంచి చెరపకండి, వాటి ప్రింట్లతో పాటు కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి.

నోటీసు అందాక, ఉచితంగా సరిచేస్తాం తీసుకురండి అని షోరూము పిలిచే అవకాశం ఎక్కువ. ఇంజనీరు నివేదిక చేతిలో ఉంటే వెళ్లండి, నేను వద్దనను. కొత్త జాబ్ కార్డులో ‘బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణుకు, ఎడమకు లాగుడు’ అని మీ మాటల్లోనే రాయించండి, విప్పిన సామాన్లు తిరిగి ఇవ్వాలని కూడా రాయించండి. బండి తీసుకునేటప్పుడు ‘పూర్తి సంతృప్తి, ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం ముందు పెడతారు. వారి మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద నాలుగైదు సార్లు బ్రేకు వేసి చూసేవరకు దాని మీద సంతకం చేయకండి. వణుకు పోయినా సరే, ‘బ్రేకు మరమ్మతు వరకు మాత్రమే, అనుమతి లేని బిల్లుపై నా హక్కు అలాగే ఉంది’ అని చేతితో రాసి సంతకం చేయండి.