కంట్రోల్ లైన్ జెట్ మోడల్: మిగ్-21 పక్కన పెట్టి ముందు నాట్ ఎందుకు చెయ్యమంటున్నానంటే

తమ్ముడూ, నువ్వు అడిగింది ఏటంటే, విజయనగరంలో బీటెక్ చదువుతున్నావు, రిమోట్ సెట్టు కొనే డబ్బుల్లేవు, అందుకని తీగల మీద తిరిగే మిగ్-21 ఫైటర్ జెట్ మోడల్ని 1:12 సైజులో, అంటే అసలుదానిలో పన్నెండో వంతు, చేద్దామనుకుంటున్నావు, ఎగురుతాదా ఎగరదా అని. ఎగురుతాది. కానీ నీ మొదటి మోడల్ గా ఎగరదు. నేను శ్రీకాకుళంలో మూడు జెట్లు చేశాను, రెండు నేలలో పాతేశాను, మూడోది ఇప్పటికీ గోడకి వేలాడుతోంది, అప్పుడప్పుడు దింపి ఎగరేస్తాను. ఆ అనుభవంతో చెప్తున్నా.

మిగ్ మీద నీ మోజు నాకు అర్థమైంది. 1963 నుంచి మన ఎయిర్ ఫోర్స్ లో ఉండి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్ లో ఆఖరి సెల్యూట్ కొట్టించుకుని వెళ్లిపోయింది, టీవీలో చూసి నేనూ కాసేపు కదల్లేదు. పైగా దాని ఇంజన్లు తయారయ్యింది మనకి పక్కనే, సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు పోతే సునాబేడ హెచ్ఏఎల్ లోనే. సెంటిమెంట్ అంతా కరెక్టే గానీ లెక్క వేరే చెప్తాది. అసలు మిగ్ రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 7.15 మీటర్లు, బాడీ సుమారు 15 మీటర్లు. 1:12 అంటే మీటరుంపావు పొడవు గొట్టం, దానికి 60 సెంటీమీటర్ల రెక్క. అంత పొడవు బాడీ బరువు లేకుండా కట్టడం కొత్తవాళ్ల వల్ల అవదు. సరే చిన్నగా చేద్దాం, 75 సెంటీమీటర్ల పొడవుకి కుదిద్దాం అంటే 1:20 అవుతాది, అప్పుడు రెక్క 36 సెంటీమీటర్లు, వైశాల్యం 575 చదరపు సెంటీమీటర్లు. అదే పొడవుకి కాస్త అటూ ఇటూగా నాట్ అనే చిట్టి ఫైటర్ జెట్ చేస్తే 1:12 లో 73 సెంటీమీటర్ల బాడీ, 56 సెంటీమీటర్ల రెక్క, వైశాల్యం 880. ఒకే బరువు మొయ్యడానికి ఒకదానికి 575, ఇంకొకదానికి 880, ఇక ఏది బేగి పైకి లేస్తాదో నువ్వే చెప్పు.

నాట్ అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. ఫోలాండ్ నాట్, చిట్టి విమానం, అసలుదే 8.74 మీటర్ల పొడవు, మన ఆర్టీసీ బస్సు కన్నా చిన్నది. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్లని పడగొట్టినవి ఇవే. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ ఒంటరిగా పోరాడి ప్రాణమిచ్చి పరమవీర చక్ర తెచ్చుకున్నది కూడా నాట్ లోనే. కాబట్టి మిగ్ కాదని నాట్ చేస్తే తక్కువతనం ఏం లేదు. 

ఇప్పుడు అసలు విషయం. చిన్నప్పుడు తూనీగ తోకకి దారం కట్టి తిప్పావు కదా, కంట్రోల్ లైన్ అంటే దాదాపు అదే, కాకపోతే దారాలు రెండు, అవి చేతిలో పిడికి కట్టి ఉంటాయి, పిడిని పైకి వంచితే మోడల్ లోపల బెల్ క్రాంక్ అనే చిన్న మూడు మూలల పలక తిరిగి తోక మీద ఎలివేటర్ అనే కదిలే పలకని లేపుతాది, కిందకి వంచితే దించుతాది, అంతే, గానుగెద్దులాగ గుండ్రంగా తిరుగుతా పైకీ కిందకీ. 1940ల్లో అమెరికాలో జిమ్ వాకర్ అనే ఆయన యూ-కంట్రోల్ పేరు పెట్టి దీన్ని జనంలోకి తెచ్చాడు. నేను నేర్చుకున్నది ఎన్సీసీ ఎయిర్ వింగ్ లో, అక్కడ ఇప్పటికీ ఇదొక పోటీ. ఇందులో ఒక్కటే ప్రాణం, తీగల బిగువు. బిగువు ఉన్నంతసేపూ ప్లేన్ నీది, వదులైన క్షణం నుంచి అది ఎవరిదీ కాదు. జెట్ మోడల్ లో నువ్వు తీసుకునే ప్రతి నిర్ణయం ఈ ఒక్క ప్రశ్నతో చూడు, దీనివల్ల తీగ బిగుస్తాదా వదులవుతాదా అని.

నా లెక్కలు చెప్తా. 35 అడుగులు, అంటే 10.7 మీటర్ల తీగలు. ఒక రౌండు 67 మీటర్లు. 330 గ్రాముల మోడల్ 4.5 సెకన్లకి ఒక రౌండు కొడితే చేతికి 700 గ్రాముల లాగుడు తెలుస్తాది, హాయిగా ఉంటాది. అదే మోటారు నీరసించి రౌండు 7 సెకన్లు పట్టిందనుకో, లాగుడు 300 గ్రాములకి కూడా రాదు, గాలి ఒక్కసారి తోసిందంటే ప్లేన్ నీ నెత్తి మీదకే వస్తాది. అందుకే నిదానంగా ఎగరేద్దాం అనుకోవడం ఇందులో పెద్ద ప్రమాదం.

మోటారు గురించి. పాత రోజుల్లో 0.049 అనేవాళ్లు, 0.8 సీసీ గ్లో ఇంజన్, మిథనాల్ లో ఆముదం కలిపి పోసేవాళ్లు, ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే కానీ ఇంజనూ దొరకదు, మిథనాల్ తేవడమూ తలనొప్పే. కరెంటు మోటారుకి పో. ఏ2212 అని డ్రోన్లు చేసే కుర్రోళ్లందరి దగ్గరా ఉండే మోటారు, అందులో 2200 కేవీది, అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 2200 చుట్లు తిరిగేది, 6 అంగుళాల ఫ్యాను, 30 ఆంప్ ఈఎస్సీ, అంటే మోటారు స్పీడుని నడిపే సర్క్యూట్, 3 సెల్ 1000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. జెట్టుకి ముక్కు మీద ఫ్యానేటి అని అందరూ నవ్వుతారు, నవ్వనీ, తిరిగేటప్పుడు కనపడదు. డక్టెడ్ ఫ్యాను, అంటే గొట్టం లోపల తిరిగే ఫ్యాను, దాని జోలికి మాత్రం పోకు, కరెంటు తాగేస్తాది, లాగుడు రాదు. రిమోట్ లేదు, దాని రిసీవర్ కూడా ఉండదు కాబట్టి ఈఎస్సీకి సిగ్నల్ ఎవరో ఇవ్వాలి, దానికి ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు చాలు, బటన్ నొక్కాక 15 సెకన్లు ఆగి మోటారు తిరగడం, 2 నిమిషాలు తిరిగి ఆగిపోవడం, పది లైన్ల కోడ్ అది, నువ్వు బీటెక్ కదా. 2 నిమిషాలు చాలు, బ్యాటరీ సగం మిగులుతాది, తల కూడా తిరగకుండా ఉంటాది.

ఈ కరెంటు సామానే 165 గ్రాముల దాకా తూగుతాది. అంటే 330 దాటకూడదంటే మిగతా ప్లేన్ అంతా ఇంకో 165 లో ముగించాలి. అందుకే గుండ్రటి బాడీ వద్దు, ప్రొఫైల్ చెయ్యి, అంటే పక్కనుంచి చూసే ఆకారం మాత్రం పలకలాగ కోసి నిలబెట్టడం. పది మీటర్ల దూరంలో గంటకి 54 కిలోమీటర్ల స్పీడులో తిరిగేదాన్ని ఎవడూ మందం కొలవడు, పక్క ఆకారమూ రంగూ కరెక్టుగా ఉంటే అది నాటే. రెక్కకి స్టేషనరీ షాపులో దొరికే 5 ఎంఎం ఫోమ్ బోర్డు ఒకటి, లోపల నిలువునా సన్నటి వెదురు బద్ద. బాడీకి అదే బోర్డు రెండు పొరలు అతికించి, ముక్కు దగ్గర మోటారు బిగించేందుకు 3 ఎంఎం ప్లైవుడ్ ముక్క. తోకకి మాత్రం బాల్సా తెప్పించుకో, ఆన్ లైన్ లో ఒక్క షీటు చాలు. బాల్సా బదులు బాసికాలు చేసే జీలుగు బెండు కూడా ప్రయత్నించాను, గాలిలా ఉంటాది కానీ మేకు గుచ్చితే చాలు విరిగిపోతాది. ఫోమ్ కి ఫెవిక్విక్ పొయ్యకు, కరిగి గుంట పడిపోతాది, స్ప్రే పెయింటు కూడా అంచుల్లోంచి తినేస్తాది. ఫెవికాల్ రాసి రాత్రంతా బరువు పెట్టు. ఎలివేటర్ కి వెళ్లే పుష్ రాడ్ కి సైకిల్ స్పోక్, బెల్ క్రాంక్ కి పాడైన సర్క్యూట్ బోర్డు ముక్క కోసుకుంటే సరిపోద్ది. చక్రాలు వద్దు, గడ్డి మీద పొట్టతోనే దిగుతాది.

ఇప్పుడు జెట్లలో మాత్రమే వచ్చే తిరకాసు, ఇది ఎవరూ నాకు చెప్పలేదు, రెండు మోడళ్లు పోయాక తెలిసింది. మామూలుగా నేర్చుకునే ట్రైనర్ మోడల్ కి రెక్క నిటారుగా ఉంటాది కాబట్టి సీజీ, అంటే ప్లేన్ బరువు ముందుకీ వెనక్కీ సరిగ్గా తూగే చోటు, ముందంచు నుంచి ఇంత దూరం అని కొలిచేస్తాం, తీగలు రెక్క చివర నుంచి బయటికి వస్తాయి. నాట్ రెక్క వెనక్కి 40 డిగ్రీలు వాలి ఉంటాది. బాడీ దగ్గర కొలిస్తే ఒక లెక్క, చివర కొలిస్తే ఇంకో లెక్క. దీనికి నేను చేసే నాటు పద్ధతి, ఒక వైపు రెక్కని అట్టముక్క మీద గీసి కత్తిరించి సూది మొన మీద నిలబెట్టు, ఎక్కడ తూగుతాదో అక్కడ గుర్తు పెట్టు, నా సైజు నాట్ కి ఆ గుర్తు నుంచి 5 సెంటీమీటర్లు ముందుకి వస్తే అదే సీజీ. బ్యాటరీని ముక్కు వైపు జరిపి అక్కడ తూగేలా చూసుకో.

ఇక తీగలు. అవి సీజీకి కొంచెం వెనక, నా దాంట్లో ఒకటిన్నర సెంటీమీటరు వెనక నుంచి బయటికి రావాలి, అప్పుడే ముక్కు కాస్త బయటికి చూస్తా తీగని లాగుతాది. కానీ వాలిన రెక్క చివర సీజీకి ఎంతో వెనక ఉంటాది, అక్కడ నుంచి తీగలు తీస్తే ముక్కు మరీ బయటికి తిరిగిపోయి ప్లేన్ పీతలాగ పక్కకి నడుస్తాది, స్పీడు పోద్ది, స్పీడు పోతే బిగువూ పోద్ది. నా రెండోది అలాగే పోయింది. కాబట్టి తీగలు రెక్క చివరి దాకా తీసుకెళ్లకు, రెక్క సగం దాటాక ముందంచులోంచే బయటికి వదిలెయ్, అక్కడ గొడుగు ఊచతో రెండు చిన్న రింగులు కట్టు, ముందుకీ వెనక్కీ జరిపేలా ఉంటే ఇంకా మంచిది. అవతలి రెక్క చివర రూపాయి బిళ్ళలు రెండు అతికించు, ఇవతలి తీగల బరువుకి సరి. మోటారుని రెండు మూడు డిగ్రీలు బయటికి తిప్పు, నిలువు తోక మీద ఉండే రడ్డర్ పలకని కూడా కొంచెం. ఎలివేటర్ 15 డిగ్రీల కన్నా ఎక్కువ కదలనివ్వకు, జెట్లకి తోక రెక్కకి దగ్గరగా ఉంటాది, అందుకే మొండిగా ఉండదు, చాలా చురుకు.

మొదటిది ఎలా పోయిందో కూడా చెప్పెయ్యాలి కదా. అది బాల్సా, బాగా చేశాను, మెరవాలని ఉడ్ పుట్టీ పెట్టి ఎమరీ పేపర్ కొట్టి మూడు కోట్లు వెండి ఎనామిల్ వేశాను. 290 గ్రాములు ఉండేది 370 అయింది, నాట్ తోక పెద్దది కాబట్టి ఆ బరువులో సగం తోక మీదే, సీజీ రెండు సెంటీమీటర్లు వెనక్కి పోయింది. రంగు వేశాక మళ్లీ తూచలేదు, అదీ నా తెలివి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ లో మా బావమరిది వదిలాడు, ఇలా వదిలాడో లేదో తలపైకెత్తి గాల్లో నిలబడింది, నేను పిడి వంచితే ముక్కు నేలకి, ఎత్తితే ఆకాశానికి, రెండో రౌండులో తీగలు మెత్తబడ్డాయి, ధడేల్. మోటారు షాఫ్ట్ వంగిపోయింది. మా వాడు ఏడవాలో నవ్వాలో తెలీక ముక్కలు ఏరాడు. అందుకని రంగు పల్చటి అక్రిలిక్ ఒక్క కోటు, ఎయిర్ ఫోర్స్ గుండ్రటి గుర్తు మధ్యలో ఆకుపచ్చ, తర్వాత తెలుపు, బయట కాషాయం, అది కాగితం మీద ప్రింటు తీసి అతికించు, తిరగేసి అతికించిన వాళ్లని చూశాను.

తీగకి స్టీలే అక్కర్లేదు, ఈ సైజుకి చేపల సామాన్ల షాపులో దొరికే అల్లిన దారం చాలు, కళింగపట్నం వైపు పోతే ఎవర్ని అడిగినా చూపిస్తారు. తంగూసు మాత్రం కొనకు, అది సాగుతాది, నువ్వు పిడి వంచితే దారం సాగుతాది గానీ ఎలివేటర్ కదలదు. ఎగరేసే ముందు ప్రతిసారీ పిడి దగ్గర స్ప్రింగ్ త్రాసు తగిలించి బరువుకి పది రెట్లు, అంటే 3.3 కిలోలు లాగి చూడు, ముడి ఊడేదేదో అక్కడే ఊడనీ. పిడికి మణికట్టు తాడు తప్పనిసరి.

చోటు కోసం మీ ఊళ్లో అయోధ్య మైదానం లాంటిది తెల్లవారి ఖాళీగా ఉంటే చాలు, కానీ ముందు పైకి చూడు, కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే మాత్రం అక్కడ అస్సలు వద్దు, దారం తడిగా ఉన్నా షాక్ కొట్టగలదు. ఆరు నుంచి ఎనిమిది లోపు ముగించెయ్, తర్వాత సముద్రం గాలి మొదలవుతాది. వదిలేవాడికి చెప్పు, తొయ్యకూడదు, ముక్కు ఒక్క పిసరు బయటికి పెట్టి చెయ్యి తీసెయ్యాలంతే. గాలి వెనక నుంచి వచ్చే వైపు వదలమను. తీగ వదులైందనిపిస్తే ఆలోచించకు, రెండడుగులు వెనక్కి దూకు. చూడ్డానికి పిల్లలు మూగుతారు, వాళ్లని 15 మీటర్ల అవతలే గీత గీసి నిలబెట్టు.

ఇంకోటి, మొదటి నాలుగైదు సార్లు నీకు తల తిరుగుతాది, ప్లేన్ ముక్కునే చూడు, వెనక కదిలే చెట్లని చూడకు. టిఫిన్ తిని మాత్రం వెళ్లకు.