శివారు రోడ్డు చరిత్ర రాయాలనుకునే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా శివారులో ఒకప్పుడు వట్టి ఇళ్లే ఉన్న రోడ్డు వ్యాపార వీధిగా ఎలా మారిందో రాస్తానన్నావు. చాలా సంతోషం. ‘కార్లు వచ్చాయి, దుకాణాలు వచ్చాయి’ అని మాత్రం తేల్చేయకు. చాలాచోట్ల కార్లకంటే ముందే ట్రామ్ ఆగే మూలల్లో కొట్లు వెలిశాయి. రోడ్డు ఒక్కసారిగా మారదు, ప్లాటు తర్వాత ప్లాటు మారుతుంది. ఏది ముందు మారింది, పక్కది ఎందుకు ఆగింది అన్నదే నువ్వు చెప్పాల్సిన కథ.

ముందు ఒక పట్టిక గీసుకో. నిలువుగా ప్లాట్లు, అడ్డంగా అయిదేళ్లకొక గడి. మొదట రెండు బ్లాకులు చాలు. గడులు నింపడానికి పాత సిటీ డైరెక్టరీల్లో వీధుల వారీగా ఉన్న భాగం తీయి. నంబరు పక్కనే ఎవరున్నారో, ఏ వ్యాపారమో ఉంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. శివారును నగరంలో కలిపినప్పుడు ఇంటి నంబర్లు మార్చేస్తారు. అది గమనించకపోతే ఉన్న ఇల్లే కూలిపోయి కొత్త కొట్టు పుట్టిందని రాసేస్తావు. నంబరును నమ్ముకోకుండా, ఏ రెండు అడ్డవీధుల మధ్య ఎన్నో ప్లాటో చూసి పోల్చుకో.

తర్వాత సాన్‌బోర్న్ అగ్నిబీమా మ్యాపులు, అంటే బీమా కంపెనీల కోసం ఒక్కో కట్టడాన్నీ గీసి చూపిన పాత మ్యాపులు. మామూలుగా అంగుళానికి 50 అడుగుల స్కేలు. గులాబీ రంగు ఇటుక కట్టడం, పసుపు చెక్క కట్టడం. ‘డి’ అంటే నివాసం, ‘ఎస్’ అంటే కొట్టు. పసుపు రంగు ఇంటి ముందు, కాలిబాట అంచుదాకా ఒక గులాబీ గడి కనిపించిందా, ఆగి చూడు. ఇల్లు పడగొట్టకుండా ముందున్న పచ్చికలోనే కొట్టు కట్టారన్నమాట. అలాంటివి ఇప్పటికీ నిలిచి ఉంటే, రోడ్డుకు ఆవలి పక్కన నిలబడి కొట్టు పైగోడ మీదుగా చూడు, వెనక పాత ఇంటి వాలు కప్పు కనబడుతుంది. ఇంకో సంగతి, ఈ మ్యాపుల్ని పాత షీటు మీదే కాగితం ముక్కలు అంటించి సవరించేవారు. కాబట్టి షీటు మీద అచ్చయిన ఏడాదితో సరిపెట్టుకోక, సవరణ తేదీ వెతుకు. సవరించని ప్రతి వేరే లైబ్రరీలో దొరికితే, అంటించిన ముక్క కిందేముందో తెలిసిపోతుంది.

జోనింగ్ రికార్డులకు, అంటే ఏ స్థలంలో ఇళ్లుండాలో, ఏ స్థలంలో వ్యాపారం ఉండాలో ఊరు పెట్టిన నియమాల రికార్డులకు, ఎక్కువ సమయం కేటాయించు. ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం 1922లో చేసిన జోనింగ్ చట్టం మీద యాంబ్లర్ రియల్టీ అనే సంస్థ తన 68 ఎకరాల విలువ పడిపోయిందంటూ కోర్టుకెక్కింది. 1926లో సుప్రీంకోర్టు గ్రామం పక్షానే తీర్పిచ్చింది. అలా జోనింగ్‌కు కోర్టు మద్దతు దొరికిన ఆ కాలంలో చాలా ఊళ్లు పెద్ద రోడ్ల అంచులను అవసరానికి మించి వ్యాపారానికి కేటాయించాయి. అందుకే జోనింగ్ మ్యాపులో వ్యాపార రంగు ఉన్నంత మాత్రాన కొట్టు వచ్చిందని రాయకు. దీనికి పూర్తి విరుద్ధం లాస్ ఏంజెలెస్ విల్‌షైర్ బులెవార్డ్. అక్కడ నివాస జోన్‌గా ఉన్న స్థలాలకు ఎ.డబ్ల్యు. రాస్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి ఒక్కొక్కటిగా మినహాయింపులు తెచ్చుకుంటూ మిరకిల్ మైల్ అనే దుకాణాల వరసను నిలబెట్టాడు. మీ రోడ్డు విషయంలోనూ మినహాయింపు దరఖాస్తుల ఫైళ్లు దొరికితే వదలకు. ఇరుగుపొరుగు రాసిన అభ్యంతరాలు వాటిలోనే ఉండొచ్చు.

భవన అనుమతి తేదీని కొట్టు తెరిచిన తేదీగా వేయకు. అనుమతి తీసుకుని కట్టనివాళ్లూ ఉంటారు. తర్వాతి డైరెక్టరీతో సరిచూడు.

చివరిగా పార్కింగ్. అదే విల్‌షైర్ మీద 1929లో తెరిచిన బుల్లక్స్ దుకాణానికి కార్లలో వచ్చేవారి ద్వారం వెనక వైపు, పార్కింగ్ దిక్కుగా పెట్టారు. రోడ్డు వైపు నుంచే చూస్తే ఇలాంటి మార్పు కంటికి ఆనదు. ప్లాట్ల లోతు తప్పక రాసుకో. లోతు చాలనిచోట పార్కింగ్ కోసం వెనక వీధి ఇళ్లు కొని పడగొట్టి ఉంటారు. 1930ల నుంచి తీసిన విమాన ఫోటోలను వరసగా పెట్టి చూడు, పట్టికలో ఆ వెనక వీధికీ గడులు వేయి.

ఆశీస్సులతో,
నీ పెద్దవాడు