పిల్లి పక్కింటికి మకాం మార్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. వడ్ల బస్తాలు ఇంట్లోనే నిల్వ చేస్తాం. ఎలుకల కోసం మూడేళ్లుగా ఒక ఆడ పిల్లిని పెంచుతున్నాం. రోజూ పాలు, పెరుగన్నం పెడతాం. సంక్రాంతికి ఒక కుక్కపిల్లను తెచ్చాం. అప్పటి నుంచి పిల్లి పక్కింట్లోనే ఉంటోంది. వాళ్లు చేపలు ఎక్కువగా వండుతారు, దానికీ పెడతారు. ఎత్తుకొచ్చినా గంటలో మళ్లీ వెళ్లిపోతోంది. ఇంట్లో ఎలుకలు పెరిగాయి. కొన్నాళ్లు తాడుతో కట్టేస్తే అలవాటు పడుతుందా? లేకపోతే ఎలుకల మందు పెట్టేయమంటారా?

జవాబు: ఎలుకల మందు మాత్రం ఇప్పుడే పెట్టకండి. మందు తిన్న ఎలుక వెంటనే చావదు. బ్రోమాడయోలోన్ ఎర తిన్నదైతే కొన్ని రోజులు బతికే ఉంటుంది, నీరసంగా మెల్లగా తిరుగుతుంది. అలాంటి ఎలుక పిల్లికి ఇట్టే దొరుకుతుంది. అలాంటి ఎలుకలను తింటూ పోతే పిల్లికీ లోపల రక్తస్రావం మొదలవ్వొచ్చు. చిగుళ్లు తెల్లబడటం, ముక్కులోంచి రక్తం రావడం, కదలకుండా పడుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే ఆ సమయం కూడా ఉండదు, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మీ పిల్లి పక్కింట్లో ఉన్నా రెండిళ్ల మధ్యే తిరుగుతుంది కాబట్టి మీ ఇంట్లో పెట్టిన మందు దాని వరకూ వెళ్తుంది.

కట్టేయడం కూడా వద్దు. మెడకు తాడు ఉన్న పిల్లి గోడ ఎక్కి దూకితే ఉరి పడుతుంది. అంత జరగకపోయినా కట్టేసిన చోటు అంటే దానికి భయం పట్టుకుంటుంది. విప్పిన రోజు మళ్లీ పోతుంది.

అది ఎందుకు వెళ్లిందో మీ ప్రశ్నలోనే ఉంది. నా అంచనాలో మొదటి కారణం కుక్కపిల్ల. కుక్కలా పిల్లి మనిషి వెంట తిరగదు, తనకు భద్రంగా అనిపించిన చోటును పట్టుకుని ఉంటుంది. వేట ఒంటరిగా చేస్తుంది, నిద్రకూ తిండికీ ఎవరూ తన మీదికి రాని మూల కావాలి. ఆడుకోవడానికే అయినా కుక్కపిల్ల వెంటపడుతుంటే ఆ మూల పోయినట్టే. కాబట్టి గిన్నెను నేల మీద నుంచి తీసేసి, కుక్క అందుకోలేని అటక మీదో గోడ గూట్లోనో పెట్టండి. పడుకోవడానికి అక్కడే ఒక పాత గోనెపట్టా వేయండి. అది వచ్చి తినే వేళకు కుక్కపిల్లను కట్టి ఉంచండి. కుక్కకు గానీ, కొట్టంలో పశువులకు గానీ పిడుదుల కోసం పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు కొడుతున్నారా? పిల్లి శరీరం వాటిని అరిగించుకుని బయటకు పంపలేదు. మందు తడి ఆరని కుక్క, పశువుల ఒంటికి రాసుకుని, తర్వాత తన ఒళ్లు నాక్కున్నా వణుకు, ఫిట్స్ వస్తాయి.

రెండో కారణం తిండి. ఎలుకలు పట్టాలంటే పిల్లిని ఆకలితో ఉంచాలని చాలామంది అంటారు. అది తప్పు. కడుపు నిండిన పిల్లీ వేటాడుతుంది, ఆకలిగా ఉన్నది తిండి దొరికే ఇంటికి పోతుంది. పెరుగన్నం ఒక్కటే దానికి చాలదు. టారిన్ అనే పోషకం పిల్లి శరీరంలో తగినంత తయారు కాదు, మాంసం, చేపల నుంచే అందాలి. ఎక్కువ కాలం అందకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఉప్పు, కారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప గానీ, చికెన్ గానీ రోజూ ఉదయం, సాయంత్రం ఒకే వేళకు పెట్టండి. మధ్యమధ్యలో ఉడికించిన గుడ్డు ఇవ్వొచ్చు. మీ ఇంట్లో నీచు వండకపోతే బజారులో దొరికే పిల్లుల మేత కొనండి.

ఇక పక్కింటివాళ్లతో మాట్లాడటం. గొడవగా కాదు, ఆ పిల్లిని వాళ్లూ ఇష్టంగానే చూస్తున్నారు కదా. చేపల పులుసు కలిపిన అన్నం మాత్రం పెట్టొద్దని చెప్పండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఓ నెలపాటు వాళ్లు తిండి పెట్టడం మానేసి, మీరు వేళకు పెడితే చాలా పిల్లులు తిరిగొస్తాయి. ఇంట్లోనే రెండు మూడు వారాలు గదిలో పెట్టి ఉంచే పద్ధతి ఊరు మారినప్పుడు పనికొస్తుంది. గోడ అవతలి ఇల్లు ముందు నుంచీ దాని తిరుగుడు పరిధిలోదే, కాబట్టి మీ విషయంలో దాని వల్ల పెద్దగా ఫలితం ఉండదు.

ఒక్కటి చూసుకోండి. అది ఆడ పిల్లి. ఆపరేషన్ చేయించలేదంటే చూలుతో ఉండి, ఈనడానికి సందడి లేని చోటు వెతుక్కుని ఉండొచ్చు. పొట్ట, చనులు ఉబ్బి ఉంటే కదిలించకండి. పిల్లిది సుమారు 63 నుంచి 65 రోజుల చూలు. ఈనిన తర్వాత మనం కలవరపెడితే కూనలను నోట కరుచుకుని ఇంకో చోటికి మార్చేస్తుంది. కూనలు పాలు మానాక ఆపరేషన్ చేయించండి. తిండి మానేసి, చీకటి మూలల్లో దాక్కుంటుంటే మాత్రం అది జబ్బు కావొచ్చు, వెంటనే చూపించండి.

పిల్లి వచ్చేలోపు బస్తాలను చెక్కల మీద పేర్చి, గోడకు అడుగున్నర దూరంగా ఉంచండి. ఎలుక దూరడానికి అర అంగుళం సందు చాలు, కాబట్టి తలుపు కింద రేకు కొట్టించి, కన్నాలు సిమెంటుతో మూయండి. బోన్లు పెట్టండి. ఒకవేళ దొడ్లో పందికొక్కులు తిరుగుతుంటే పిల్లి మీద ఆశ పెట్టుకోవద్దు, పెద్ద పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు.

ఇవన్నీ చేశాక కూడా అది పక్కింట్లోనే ఉంటానంటే ఉండనివ్వండి. మీ బస్తాల దగ్గరికి రాత్రిళ్లు వచ్చి పోవడానికి కిటికీ తెరిచి ఉంచితే చాలు. రేబిస్ టీకా ఎవరు వేయించాలో మాత్రం రెండిళ్లవాళ్లూ ఇప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే ఇద్దరి పిల్లి అయితే టీకా ఎవరూ వేయించరు. అది ఏటా వేయించాల్సిన టీకా. దగ్గరలోని పశువైద్యశాలలో అడగండి, లేదా సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.