పెళ్లయ్యాక మనిషి అసలు స్వభావం బయటపడితే ప్రేమ నిలుస్తుందా?

ప్రేమించి పెళ్లి చేసుకున్న మూడేళ్లకి భర్త అసలు మనిషి కనిపించాడు, ఇప్పుడేం చేయాలి అని అడిగారు మీరు. ఏం కనిపించిందో రాయలేదు. చెయ్యి చేసుకోవడమో, ఇంకో సంసారమో అయితే నా జవాబు మీకు పనికిరాదు, ఇక్కడే ఆపి పుట్టింటికి బస్సెక్కండి. నాది అంత పెద్ద సంగతి కాదు. రెండు నీళ్ల టిన్నుల సంగతి.

మాది విశాఖపట్నం. అప్పట్లో సీతమ్మధారలో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. ప్రేమ పెళ్లే. నాలుగేళ్లు రెండిళ్ల వాళ్లనీ బతిమాలి, బెదిరించి, చివరికి సింహాచలం కొండ మీద తాళి కట్టించుకున్నాను. ఈయనలో ఏం చూశావే అని మా అక్క అడిగితే, చేతికి ఎముక లేని మనిషే అనేదాన్ని. పదిమందితో టీ తాగడానికి వెళ్తే జేబులో ముందు చెయ్యి పెట్టేది మా ఆయనే. ఎవరింట్లో ఫ్యూజు పోయినా, ఎవరి అమ్మాయికి కౌన్సెలింగ్ ఉన్నా, స్కూటర్ తీసేవారు. వాటాల వాళ్లందరూ "మీ ఆయన దేవుడమ్మా" అంటుంటే నాకు మెడ కాస్త నిటారుగా ఉండేది.

ఈ మధ్య పెళ్లికి ముందే ఒకరినొకరు పూర్తిగా తెలుసుకోవాలని అందరూ సలహాలిస్తున్నారు. ఎలా తెలుసుకుంటారు? 2020 అక్టోబర్లో వాయుగుండానికి తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది కదా, దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్న పెళ్లి జంటలకి లెక్కే లేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ ముందు పెళ్లి ఫొటో! కాఫీ షాపులో రెండేళ్లు కూర్చున్నా, ఆ మనిషి కాఫీ ఎలా తాగుతాడో తెలుస్తుంది, అంతే. ఆరు రోజులు కరెంటు పోవాలి. అప్పుడు తెలుస్తుంది.

మాకు పోయింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. ఒమన్ వాళ్లు పెట్టిన పేరట, ఒక పిట్ట పేరు. గంటకి 180 కిలోమీటర్ల గాలికి పిట్ట పేరు పెట్టడం వాళ్లకే చెల్లింది. పొద్దున్నుంచి కిటికీ రెక్కలు ఒక్కొక్కటే ఊడిపోతుంటే, మేమిద్దరం బీరువాని తలుపుకి అడ్డం పెట్టి దాని వెనక కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. అయిపోయిందనుకుని కుర్రాళ్లు వీధిలోకి వచ్చేశారు, ఒకడు పడిపోయిన చెట్టెక్కి ఫొటో తీయించుకుంటున్నాడు. మా ఆయన ఒక్క ఉదుటున మెట్లు దిగిపోయారు. "అయిపోలేదురా, ఇది తుఫాను కన్ను! ఇప్పుడు అటువైపు నుంచి కొడుతుంది, లోపలికి పోండి" అని వీధి చివరిదాకా అరుచుకుంటూ పరుగెత్తారు. పై వాటా ముసలాయన్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. మరి కాసేపటికి అన్నట్టే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడింది. పొద్దున ఒక పక్కకి ఒరిగిన చెట్లని రెండో పక్కకి విరిచేసింది. ఆ సాయంత్రం ఈయన్ని చూసి నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆదివారం అలా పరుగెత్తిన మనిషే మంగళవారం ఇలా చేశారు.

మర్నాడు లేచి చూస్తే ఊరు ఊరిలా లేదు. కైలాసగిరి గుండు కొట్టించుకున్నట్టుంది. కరెంటు లేదు, కాబట్టి మోటార్ లేదు, కాబట్టి పై ట్యాంకులో నీళ్లు లేవు. ఫోన్లు మూగబోయాయి. పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బళ్లు. పాల ప్యాకెట్టు ధర ఎవడి నోటికొస్తే అది. జనరేటర్ ఉన్నవాడు ఫోన్ చార్జింగ్ పెట్టడానికి కూడా డబ్బులు తీసుకున్నాడు, వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. మంగళవారం ప్రధాని వచ్చి వెయ్యి కోట్ల సాయం ప్రకటించారని ఎవరో ట్రాన్సిస్టర్లో విని చెప్పారు. మా వీధికి మాత్రం ఒక్క నీళ్ల ట్యాంకరు వస్తే చాలనిపించింది.

ఆ సాయంత్రమే కింది వాటా పిన్నిగారు మూడంతస్తులు ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు. వాళ్లమ్మాయి పురిటికి వచ్చి ఉంది, ఏడు నెలల పాప.

"సీసాడు మంచినీళ్లుంటే ఇద్దురూ బాబూ, గుంటదానికి పాలు కలపాల."

నేను వంటింట్లో ఉన్నాను. మా ఆయన గొంతు వినబడింది. "అయ్యో పిన్నిగారూ, ఉంటే ఇవ్వనా? మాకే పొద్దున్నుంచి కాఫీ లేదు. రేపు ట్యాంకరొస్తే ముందు మీకే పట్టి పంపిస్తాను." అంత మెత్తగా, అంత ప్రేమగా. పాపం ఆవిడ "నీకెందుకు బాబూ శ్రమ" అని ఈయన్నే ఓదార్చి దిగిపోయింది.

మా ఇంట్లో నాలుగు సీసాలున్నాయి. నేను బయటికొచ్చి ఒకటి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. ఉన్న నాలుగే కదా అనుకున్నాను. ఇది కూడా రాయాలి, లేకపోతే నేనేదో పతివ్రతా శిరోమణిని, తప్పంతా ఆయనదే అన్నట్టుంటుంది. ఇంకోటి. ఆ నాలుగు సీసాలూ మూడు రోజులుగా నిండుగానే ఉంటున్నాయి. తాగుతున్నాం, వంటకి వాడుతున్నాం, అయినా తరగడం లేదు. అక్షయపాత్రలు కావు కదా! నేను గమనించాను. గమనించి అడగలేదు.

ఆ రాత్రి కొవ్వొత్తి ముక్క కోసం మంచం కింద చెయ్యి పెడితే దుప్పటి తగిలింది. లాగితే రెండు ఇరవై లీటర్ల టిన్నులు. ఒకటి నిండుగా, రెండోది సగానికి పైగా. శనివారం రాత్రి నేను నిద్రపోయాక తెచ్చి పెట్టుకున్నారన్నమాట. నీళ్లు దాచడం ఒక ఎత్తు. మా అమ్మ నాకు సారెలో పెట్టిన దుప్పటి వాటికి కప్పడం ఒక ఎత్తు.

"ఇవేంటి?" అన్నాను.

"నీళ్లు" అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పంచేస్తావు."

నేను నోరు తెరిచేలోపే ఆయన లెక్క చెప్పారు. ఎనిమిది వాటాలు, ఒకరికిస్తే ఏడుగురూ వస్తారు, సాయంత్రానికి మనమూ వాళ్లలాగే మిగులుతాం, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ లెక్కలో తప్పు లేదు. అదే నాకు భయం వేసింది. ఏ కోపంలోనో నోరు జారిన మనిషైతే తెల్లారి సర్దుకుంటాం. ఈయన ప్రశాంతంగా ఆలోచించి, నవ్వు మొహంతో, ఏడు నెలల పిల్లకి నీళ్లు లేవని చెప్పారు. ఆ "అయ్యో పిన్నిగారూ" అన్న గొంతు ఉందే, నన్ను ప్రేమించిన నాలుగేళ్లూ నాతో మాట్లాడిన గొంతు అదే.

నిద్ర పట్టలేదు. దాహమేసి లేచి నీళ్లు తాగాను. ఏ నీళ్లనుకున్నారు, ఆ నీళ్లే.

తెల్లారాక ఆయన పెట్రోలు లైన్లో నిలబడడానికి వెళ్లగానే రెండు లీటరు సీసాలు కొంగు కింద పెట్టుకుని దిగాను. మా తమ్ముడు గోపాలపట్నం నుంచి తెచ్చాడని చెప్పాను. పిన్నిగారు సీసాల వంక చూసి, నా వంక చూసి, "దారినిండా చెట్లు పడిపోయుంటే నడిచొచ్చాడేటమ్మా పాపం" అన్నారు. నేను తలూపాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అబద్ధమాడడం నాకు చేతకాదని అప్పటిదాకా నా నమ్మకం.

ఆ తర్వాత ఈయనతో మాట్లాడలేదు. ఆరో రోజు రాత్రి కరెంటొచ్చింది. వీధంతా ఒక్కసారి హో అని అరిచింది. లైటు వెలగగానే మా ఆయన మళ్లీ దేవుడైపోయారు. కుర్రాళ్లతో కలిసి గొడ్డళ్లు పట్టుకుని వీధిలో కొమ్మలు కొట్టి తోశారు, చేతులు చీరుకుపోయాయి. ఆఫీసులో తుఫాను బాధితుల చందాకి రెండు వేలు రాశారు. అందరూ పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. అలాగని అది నటన కూడా కాదు, అదే నా టెన్షన్. ఆ చేతులకి మందు నేనే రాశాను, మాట్లాడకుండా.

ఎండిన కొమ్మలు గుట్టలుగా పడున్నాయి, నిప్పంటుకుంటుందని ఆ ఏడాది దీపావళికి టపాసులు వద్దన్నారు. పండగనాడు పిన్నిగారి మనవడు ఒక డబ్బా తెచ్చిచ్చాడు. అందులో సున్నుండలు, డబ్బా పైన నా రెండు ఖాళీ సీసాలు, కడిగి తుడిచి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న పట్టింపు మా వైపు ఎక్కువ. ఈయన రెండు ఉండలు తిని, మూడోది తీస్తూ సీసాలు చూశారు. ఉండ డబ్బాలో పెట్టేశారు.

"ఎప్పుడిచ్చావు?"

"మర్నాడే."

"రెండూనా?"

"రెండూ."

కాసేపు ఆలోచించారు. "అందుకేనా రెండో టిన్ను అంత తొందరగా అయిపోయింది?"

తొమ్మిది రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. క్షమించినందుకు కాదు. ఈ మనిషి ఇంతే, ఈ లెక్క ఈయన ఒంట్లో ఉంది, తీసేస్తే పోయేది కాదు అని అప్పుడు అర్థమై నవ్వొచ్చింది.

ఎందుకిలా అన్నది మరుసటి ఏడాది తెలిసింది, అదీ ఆయన చెప్పలేదు. అక్షయ తృతీయకి మా అత్తగారిని చందనోత్సవానికి తీసుకెళ్లాను. ఊరు కాని వాళ్ల కోసం చెప్తున్నా, సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనం కిందే ఉంటాడు, ఆ ఒక్కరోజే నిజరూప దర్శనం. ఏప్రిల్ ఎండ, గంటల తరబడి క్యూ. ఊసుపోక మా అత్తగారు పాత కబుర్లు మొదలుపెట్టారు. కంచరపాలెంలో కొండవాలు ఇల్లు, వీధి కొళాయి, గంటసేపు వచ్చే నీళ్లు. బిందెల దగ్గర కాపలా మా ఆయన పని, ఎనిమిదేళ్లవాడు.

"ఓపాలి ఎవర్తో ముసిల్ది అడిగిందని మన వంతు ఇచ్చేసొచ్చాడమ్మా. అంతట్లో నీలాగిపోయాయి. ఈపు ఇమానం మోత మోగించేసాను ఆ రోజు!" అని పకపకా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కోపం ఎవరి మీదకి మళ్లించాలో కూడా తెలియలేదు, ఆవిడకీ ఇంట్లో నాలుగు నోళ్లున్నాయి.

కారణం తెలిస్తే కోపం పోతుందంటారు కదా, ఈ మాట చెప్పేవాళ్లకి పెళ్లయిందో లేదో కనుక్కోవాలి. నాకు పోలేదు. దెబ్బలు తిన్న పిల్లాడి మీద జాలి ఒక పక్క, పిన్నిగారితో మెత్తగా అబద్ధమాడిన మగాడి మీద మంట ఒక పక్క. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోలేదు, ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.

దర్శనం మాటకొస్తే, అన్ని గంటలు నిలబడితే నిజరూపం నా కళ్లకి అందింది నాలుగు క్షణాలు. వెనకనుంచి తోపులాట, ముందు ఎవరిదో తల. ఏం చూశావంటే సరిగ్గా చెప్పలేను. ఆ రాత్రే అభిషేకం చేసి మళ్లీ చందనం పూసేస్తారు. అదీ ఒక్కసారే కాదు, ఆ రోజు మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి, మొత్తం పన్నెండు మణుగులు. సుమారు అయిదు వందల కిలోలు! ఉగ్రం చల్లారాలని ఆయనకే అంత కావాల్సి వస్తే, మనం మాత్రం మొగుడు మూడొందల అరవై అయిదు రోజులూ నిజరూపంలో ఉండాలంటాం. దేవుడికీ ఈయన టీ డబ్బులకీ పోలికేమిటని మా అక్క తిట్టింది. తిట్టనివ్వండి.

మీరు అడిగింది ప్రేమ నిలుస్తుందా అని. నాకు నిలిచింది. గౌరవం మాత్రం ఒక మెట్టు దిగింది, మళ్లీ పైకెక్కలేదు. దాన్ని ఎక్కించే పని కూడా పెట్టుకోలేదు. ఆ మెట్టు మీంచి చూస్తే మనిషి కాస్త దగ్గరగా కనబడతాడు. ఈయన డబ్బు దగ్గర, నీళ్ల దగ్గర, రేషన్ దగ్గర చెప్పేది నేను నమ్మను, మంచం కింద చూసుకుంటాను. మిగతావన్నీ నమ్ముతాను. నాలోనూ ఆయనకి కనిపించినవి కొన్ని ఉండే ఉంటాయి, అడగలేదు.

ఇప్పుడు మధురవాడలో సొంత ఫ్లాటు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఈయన మామూలుగానే రాత్రి పదింటికి స్కూటర్ తీశారు. ఈసారి దుప్పటి కప్పలేదు, హాల్లో గోడ వారగా వరసగా పెట్టారు. లెక్కపెడితే నాలుగు టిన్నులు.

"ఇద్దరికి నాలుగెందుకండీ?"

"రెండు నువ్వెలాగూ వాచ్‌మన్ వాళ్లకి మోసేస్తావు కదా" అని, టిన్నుకి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడని షాపువాణ్ణి తిట్టుకుంటూ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.