పాత కంప్యూటరు నెమ్మదించింది: బాగు చేయించాలా, చీటీ పాడి కొత్తది కొనాలా?

ప్రశ్న: తెనాలిలో మా ఇంటి ముందు గదిలో డీటీపీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. 2014లో కొన్న డెస్క్‌టాప్ (నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10) ఆన్ చేశాక పని అందుకోవడానికి పావుగంట పడుతోంది. శుభలేఖల కోసం వచ్చినవాళ్లు విసిగి వెళ్లిపోతున్నారు. 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్), మరో 4 జీబీ ర్యామ్ వేయడానికి 4,200 రూపాయలు అవుతుందని మెకానిక్ అంటున్నారు. షోరూములో కొత్త సెట్టు 48,000. నెలకు 4,000 చొప్పున 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. నాకు లక్ష రూపాయల చీటీ ఉంది, కానీ ఈ నెల పాడుకుంటే 18,000 పోతాయి. ఇంటి అత్యవసరాలకని దాచిన 60,000 ఎఫ్‌డీ కూడా ఉంది. ఏది మేలు?

జవాబు: ఈ నెల చీటీ పాడుకోవద్దు. మీకు కావలసింది 48,000 అయితే, దాని కోసం 18,000 వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. ఎఫ్‌డీని కూడా కదిలించవద్దు. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే మీ దుకాణం కూడా మూతపడుతుంది కనుక, ఆ రోజున ఆదుకోవలసిన డబ్బు అదొక్కటే.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. అందులో వడ్డీ లేకపోవడం కాదు, ఆ వడ్డీ మేరకు ధరలో ముందే తగ్గింపు చూపిస్తారు. బ్యాంకు 15 శాతం వడ్డీ వేస్తుందనుకుంటే, మీరు కట్టే 48,000లో సుమారు 3,680 రూపాయలు వడ్డీ కిందకే వస్తాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 660 రూపాయల దాకా, మీరే కట్టుకోవాలి. ప్రాసెసింగ్ ఫీజు అదనం. మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తే ఎంతకు ఇస్తారో అదే షోరూములో అడిగి చూడండి, అసలు తేడా అప్పుడు తెలుస్తుంది.

అయితే అప్పు సంగతి తేల్చేముందు యంత్రం ఎందుకు నెమ్మదించిందో తేలాలి, ఎందుకంటే కారణాన్ని బట్టి ఖర్చు వందల నుంచి వేలకు మారిపోతుంది. ఉదయం ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ 20, 30 శాతం దగ్గరే ఉండి, డిస్క్ మాత్రం నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే నిలిచిపోతే, లోపం తిరిగే పళ్లెం ఉన్న ఆ పాత హార్డ్ డిస్క్‌దే. మీరు చెప్పిన లక్షణాలకు సరిపోయేది కూడా ఇదే. పేజ్‌మేకరూ, బ్రౌజరూ కలిపి తెరిచినప్పుడు మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. మొదటి అరగంట బాగా నడిచి ఆ తర్వాత మందగిస్తుంటే, ప్రాసెసర్ మీది ఫ్యానులో దుమ్ము పేరుకుని, దాని కింది పేస్టు ఎండిపోయి, వేడి ఎక్కుతోందన్నమాట. దానికి శుభ్రం చేయించి కొత్త పేస్టు పెట్టిస్తే సరిపోతుంది, విడిభాగాలు కొననవసరం లేదు. హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోకుండా, ఆ క్షణమే ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి తీసుకోండి. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కనిపిస్తే ఆ యంత్రం మీద ఇక పెద్ద ఖర్చు పెట్టవద్దు.

మెకానిక్ చెప్పిన రెండింటినీ ఒకే గాటన కట్టకండి. సాటా ఎస్ఎస్‌డీని (పాత హార్డ్ డిస్క్ కేబులుకే తగిలే రకం) రేపు కొత్త కంప్యూటరు కొన్నప్పుడు, అందులో సాటా పోర్టు ఉంటే, విప్పి దానికి తగిలించుకోవచ్చు. కనుక ఆ డబ్బు మీతోనే వస్తుంది. మీ యంత్రంలో పట్టే డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుల్లో పట్టదు, కాబట్టి దాని మీద పెట్టింది ఈ యంత్రంతోనే పోతుంది. అందుకే ముందు ఎస్ఎస్‌డీ ఒక్కటే వేయించి, పది రోజులు పని చేసి చూడండి. అప్పటికీ మెమరీ చాలడం లేదనిపిస్తేనే, వాడిన ర్యామ్ చౌకగా దొరికితే తీసుకోండి. ఈ పాత యంత్రం మీద మొత్తం ఖర్చు కొత్త దాని ధరలో పదో వంతు, అంటే 4,800 దాటకూడదని నా అభిప్రాయం.

ఆ హద్దు పెట్టడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వాడకందారులు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అందుతాయి. నాలుగో తరం ఐ3 మీద విండోస్ 11కు అధికారిక మద్దతు లేదు. మీ దుకాణంలో జనం ఆధార్ కాగితాలు స్కాన్ చేయించుకుంటారు కనుక, అప్‌డేట్లు ఆగిన యంత్రాన్ని నెట్‌కు కలిపి ఏళ్ల తరబడి వాడడం మీకూ వాళ్లకూ ప్రమాదమే. కొత్తది కొనేవరకు మీ బ్యాంకు లావాదేవీలు మాత్రం దీని మీద చేయకండి.

కాబట్టి ఈఎంఐకి ఇవ్వగలనన్న ఆ 4,000ను ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, పెళ్లిళ్ల నెలల్లో మరో 2,000 పక్కన పెట్టండి. ఎనిమిది నెలల్లో, అందులో నాలుగు సీజను నెలలైతే, వడ్డీ కాక 40,000 చేరుతుంది. అది చాలదని కంగారు పడవద్దు: మానిటరు, కీబోర్డు, యూపీఎస్ బాగానే ఉంటే సీపీయూ డబ్బా ఒక్కటే కొనవచ్చు. పాత మానిటరుకు వీజీఏ కేబుల్ మాత్రమే ఉంటే ఒక చిన్న కన్వర్టరు అవసరం కావచ్చు.

రెగ్యులర్ పద్ధతిలో మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, పన్నుతో కలిపి 48,000 ఉన్న బిల్లులో సుమారు 7,320 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా వస్తాయి. కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నా, రిజిస్ట్రేషన్ లేకపోయినా రావు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల ఉన్నా, అమ్మకాల్లో 6 లేదా 8 శాతాన్ని లాభంగా చూపే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే దాన్ని విడిగా తగ్గించుకోవడం కుదరదు. పన్ను కలిసొస్తుందని ఎవరైనా తొందరపెడితే ముందు ఈ రెండూ చూసుకోండి.

కొత్తదానికి అడ్వాన్సు ఇచ్చే ముందు, మీ పేజ్‌మేకరూ తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరూ విండోస్ 11 మీద నడుస్తాయో లేదో పాత శుభలేఖ ఫైలు ఒకటి పట్టుకెళ్లి షోరూములోనే తెరిచి చూడండి. నడవకపోతే కొత్త లైసెన్సు ధర కూడా మీ బడ్జెట్‌లో చేరుతుంది. ఎస్ఎస్‌డీ వేశాక తీసేసిన హార్డ్ డిస్క్‌ను మాత్రం పాత సామాన్లవాళ్లకు ఇవ్వకండి. అందులో మీ ఖాతాదారుల ఆధార్ కాపీలు ఉంటాయి.