బీఏ అమ్మాయి రష్యా చరిత్ర చదువుతానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ రెండో సంవత్సరం. 16, 17 శతాబ్దాల రష్యా చరిత్రలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. డేటా అనలిటిక్స్‌తో ఎంబీఏ చేయమని నేనంటున్నాను. రెండూ పోల్చి చెప్పండి. చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. (ఓ తండ్రి, ఖమ్మం)

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ ఆఖరి వాక్యంలో ఉందండీ. ఎంబీబీఎస్‌కి పిల్లల్ని రష్యా పంపేవాళ్లను ఏ చుట్టమూ ఇలా నిలదీయడు. అమ్మాయి అదే దేశం చరిత్ర చదువుతానంటే మాత్రం తలవంపులా?

ముందు డేటా అనలిటిక్స్ సంగతి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు అది మంచి పనే. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అమీర్‌పేటలో కోర్సు చేసి, బ్యాచ్ మొత్తానికీ ఇచ్చిన ఒకే ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టుకున్నవాళ్లే. పట్టికలు సరిచేయడం, గ్రాఫులు గీయడం లాంటి మొదటి మెట్టు పనులు ఇప్పుడు ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి. ఇష్టం లేకుండా దిగిన అమ్మాయి అక్కడ ఎవరితో పోటీ పడుతుంది? మీరు ‘ఉద్యోగం వస్తుంది’ అంటున్నది ఆమెను చూసి కాదు, పక్కింటి అబ్బాయిని చూసి.

ఇక ఆమె ఎంచుకున్నది కాలక్షేపం చదువు కాదు. ఇవాన్ ది టెరిబుల్ జార్‌గా పట్టాభిషిక్తుడైన 1547 నుంచి పీటర్ చక్రవర్తి చనిపోయిన 1725 దాకా చదవాలంటే మాస్కో ప్రాచీన పత్రాల భాండాగారంలో కూర్చోవాలి. అప్పటి దస్తావేజులు కాగితం ముక్కలను వరసగా అతికించిన చుట్టలు. 1649 నాటి రష్యా చట్టాల సంపుటి చుట్ట విప్పితే సుమారు 300 మీటర్లు. నడుమ ముక్క ఎవరూ మార్చకుండా గుమస్తాలు వెనకవైపు అతుకుల మీద సంతకం చేసేవారు. రాతంతా గొలుసుకట్టు, అంకెలకు బదులు అక్షరాలు. సంవత్సరాలు సృష్టి మొదలు లెక్కించేవారు కాబట్టి ఆ 1649 అక్కడ 7157. దీన్ని చదవడం నేర్చిన మనిషి తేలిగ్గా దేనికీ బెదరదు.

ఉద్యోగాలా? ఉన్నమాట చెబుతాను. మన యూనివర్సిటీల చరిత్ర శాఖల్లో పోస్టులు ఎక్కువగా భారతదేశ చరిత్రకే. రష్యా ఒక్కటే నమ్ముకుంటే కష్టం. అందుకే ఇక్కడికి ముడిపడే అంశం ఎంచుకోమనండి. 17వ శతాబ్దంలో వోల్గా ముఖద్వారం దగ్గరి ఆస్త్రాఖాన్‌లో భారతీయ వర్తకుల స్థావరం ఉండేది. అంతకుముందే, 15వ శతాబ్దంలో, త్వేర్ వర్తకుడు అఫనాసీ నికితిన్ మన పక్కనున్న బీదర్ దాకా వచ్చి, చూసింది రాసిపెట్టాడు. రష్యన్‌కు తోడు పర్షియన్ నేర్చుకుంటే మొఘలుల చరిత్ర చెప్పే అర్హతా వస్తుంది. 2022 ఉక్రెయిన్ యుద్ధం తర్వాత పాశ్చాత్య పరిశోధకులకు మాస్కో వెళ్లడం బాగా కష్టమైంది. మన పాస్‌పోర్టుకు ఆ ఇబ్బంది తక్కువ.

ఖర్చంటారా, జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. అమెరికాలో మంచి యూనివర్సిటీలు పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. సొంత డబ్బుతో, అప్పుతో మాత్రం పీహెచ్‌డీకి పంపకండి. మధ్యలో మనసు మారినా అనువాదం, భాషా బోధన, ప్రచురణ రంగాలున్నాయి.

హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రష్యన్ నేర్పుతారు. ఎంబీఏ కోచింగ్‌కి అనుకున్న డబ్బులో కొంత ఈ ఏడాది రష్యన్‌కి పెట్టండి. అక్షరమాల దాటి విభక్తులు పట్టుబడ్డాక కూడా ఇదే మాట మీదుంటే ఎంఏ గురించి మాట్లాడదాం. అప్పుడు అమ్మాయినీ వెంట తీసుకురండి.